బ్రేకు తీసే మందు, బలం మందు కాదు

డే కేర్ వార్డులో సెలైన్ స్టాండు పక్కన స్టీలు ఫ్లాస్కు. అందులో తిప్పతీగ కషాయం. “నాన్నగారికి ఇమ్యూనిటీ మందు ఎక్కిస్తున్నారు కదండీ, ఇదీ తోడైతే మంచిదని తెచ్చాను” అన్నాడు కొడుకు. ముదిరిన లివర్ క్యాన్సర్ ఉన్న ఇళ్లలో సగం అపోహలు ఆ ఒక్క మాట దగ్గరే పుడుతున్నాయి.

అపోహ: ఇమ్యునోథెరపీ ఒంట్లో రోగనిరోధక శక్తిని పెంచుతుంది.

వాస్తవం: మన రక్షక కణాలు సొంత ఒంటి మీదే పడకుండా వాటికి సహజంగా బ్రేకులుంటాయి. క్యాన్సర్ కణం ఆ బ్రేకునే తొక్కిపట్టి తప్పించుకుంటుంది. అటెజోలిజుమాబ్, డుర్వాలుమాబ్ లాంటి మందులు ఆ పట్టు విడిపిస్తాయి. ఈ కిటుకు కనిపెట్టినందుకే జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. కషాయాలు ఈ పని చేయవు సరికదా, తిప్పతీగ వాడిన కొందరికి కాలేయ వాపు వచ్చిన కేసులను మన దేశపు లివర్ వైద్యులే నమోదు చేశారు. రేపు లివర్ రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ పెరిగితే అది ఇంజెక్షన్ వల్లో ఫ్లాస్కు వల్లో ఎవరు తేలుస్తారు?

అపోహ: కీమో కాదు కాబట్టి సైడ్ ఎఫెక్టులు ఉండవు.

వాస్తవం: జుట్టు ఊడటం లాంటివి తక్కువే. కానీ బ్రేకు తీసిన బండి అప్పుడప్పుడు సొంతింటి గోడకే గుద్దుకుంటుంది. థైరాయిడ్, పేగులు, ఊపిరితిత్తులు, ఆఖరికి లివర్ కూడా వాచవచ్చు. మందు ఆపేసిన కొన్ని నెలలకైనా ఇవి రావచ్చు. రోజుకి నాలుగైదు సార్లు విరేచనాలైతే ‘నిన్నటి పెళ్లి భోజనం’ అనుకుని మెడికల్ షాపు బిళ్లతో సరిపెట్టకండి. ఆస్పత్రికి ఫోన్ చేయండి. తొందరగా పట్టుకుంటే చాలావరకు స్టెరాయిడ్లతో అదుపులోకి వస్తుంది.

అపోహ: ఇంజెక్షన్‌కి ముందు ఎండోస్కోపీ బిల్లు పెంచడానికే.

వాస్తవం: అటెజోలిజుమాబ్‌తో జోడీగా, మూడు వారాలకోసారి ఇచ్చే బెవాసిజుమాబ్‌కి రక్తస్రావం చేయించే గుణం ఉంది. సిర్రోసిస్ ఉన్నవాళ్లకి అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి. అవి చిట్లితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ముందు చూసి, అవసరమైతే బ్యాండ్లు వేస్తారు. బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూసేదీ ఈ మందు కోసమే.

అపోహ: ఒకరు “పూర్తిగా నయమవుతుంది” అంటారు, ఇంకొకరు “డబ్బు దండగ” అంటారు.

వాస్తవం: రెండూ తొందరపాటే. అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ జోడీ మీద జరిగిన ఐఎంబ్రేవ్150 ట్రయల్లో మధ్యస్థ (మీడియన్) ఆయుష్షు 19.2 నెలలు. పాత మందు సొరాఫెనిబ్‌తో 13.4. గడ్డ బాగా తగ్గింది నూటికి 30 మందికే. డుర్వాలుమాబ్, ట్రెమెలిముమాబ్ కలిపి ఇచ్చిన హిమాలయ ట్రయల్లో నూటికి దాదాపు 20 మంది ఐదేళ్లు దాటారు, సొరాఫెనిబ్‌తో తొమ్మిది మందే. అయితే ఈ ట్రయల్స్‌లో చేర్చుకున్నది లివర్ ఇంకా బాగానే పనిచేస్తున్నవాళ్లని. కామెర్లు ముదిరి పొట్టలో నీరు చేరినవాళ్లకి ఈ అంకెలు వర్తించవు. డాక్టరుగారు స్కాన్‌తో పాటు బిలిరుబిన్, ఆల్బుమిన్ రిపోర్టులు అడిగేది అందుకే.