పదునాలుగు దినముల మందు

నడిరేయి పరగడుపున పొట్టలో మంట రేగి పుల్లని త్రేన్పులు వచ్చినచో, అమలాపురముననైనను రాజోలుననైనను మనవారు దానికి ‘గ్యాసు’ అని పేరు పెట్టి, నేరమును ఆవకాయ మీదికి త్రోసి, మందుల కొట్టునుండి మాత్ర యొకటి తెచ్చి మ్రింగి యూరకుందురు. వైద్యలోకమును చిరకాలము, కొన్నిమార్లు ఈ మంటకు మూలమగు జఠరపు పుండునకు ఆమ్లమును మనోవ్యథయు కారణములనియే తలంచినది. పెర్త్ నగరమున రాబిన్ వారెన్, బారీ మార్షల్ అను వైద్యులు జఠరమున హెలికోబాక్టర్ పైలోరీ అను మెలికల క్రిమి వసించుచున్నదని చూపి, పుండునకు అదియే మూలమనినను పెక్కురు నమ్మకపోగా, 1984లో మార్షల్ ఆ క్రిములు గల ద్రవమును తానే త్రాగి జఠరశోథమును కొనితెచ్చుకొనెను. 2005లో వారిరువురకును నోబెల్ బహుమానము లభించినది.

కడుపుమంట యెల్లయు ఈ క్రిమివలననే కాదు. కనుక పరీక్ష ముందు, మందు పిమ్మట. క్రిమి యున్నదని తేలినచో ఒక్క మందు చాలదు. అది యూరియాను అమోనియాగా మార్చి, చుట్టునున్న ఆమ్లమును శమింపజేసికొని, జిగురుపొరలో దాగియుండును. అందుచే ఆమ్లమును తగ్గించు ఒమెప్రజోల్ వంటి మాత్రకు తోడు రెండు యాంటిబయాటిక్కులను, లేదా బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్ మూడింటిని కలిపి, సాధారణముగా పదునాలుగు దినము లిత్తురు. టెట్రాసైక్లిన్ పేరు వినినపుడెల్ల, వసిష్ఠ గోదావరికి ఆవల భీమవరమున జనించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు నాకు స్మరణకు వత్తురు. ఆయన పరిశోధనాధిపతిగానున్న లెడర్లీ సంస్థలో బెంజమిన్ డగ్గర్ కనుగొనగా 1948లో లోకమునకు తెలిసిన ఆరియోమైసినే టెట్రాసైక్లిన్ కుటుంబమునకు మొదటి మందు.

నాకు మిక్కిలి బాధ కలిగించునది, నాలుగవనాటికి మంట చల్లారగానే మాత్రలు మానివేయుట. కొత్తపేట కాలువలలో గుర్రపుడెక్కను పైపైన లాగి, గట్టువార నాలుగు మొక్కలు విడిచినచో కొలది మాసములలోనే నీరు కానరాకుండ అల్లుకొనుటను మన మెరుగుదుము. విడిచిన క్రిములును అట్లే పెరుగును; పైగా, ఆ మందునకు లొంగనివే మిగులు ప్రమాదము కలదు. క్లారిత్రోమైసిన్ అను యాంటిబయాటిక్కునకు, మెట్రోనిడజోల్‌కు లొంగని క్రిములు మనదేశమున ఇప్పటికే హెచ్చు.

ఈ మందులవలన నోట లోహపు రుచి, వికారము కలుగవచ్చును. బిస్మత్ వలన నాలుకయు మలమును నల్లబడును. దానికి భీతిల్లి మానరాదు గాని, మలము తారువలె జిగటగానుండి కళ్ళు తిరిగినచో తక్షణమే వైద్యుని చూడవలెను. చలువ చేయునని టెట్రాసైక్లిన్‌ను మజ్జిగతో మ్రింగరాదు, అందలి కాల్షియము మందును పట్టివేయును. మెట్రోనిడజోల్ వాడునన్నాళ్ళు మద్యము వర్జ్యము.

మందులు ముగిసిన పిమ్మట కనీసము నాలుగు వారములు ఆగి ఊపిరి పరీక్షయో మలపరీక్షయో చేయించవలెను. దానికి రెండు వారములు ముందుగా, వైద్యుని సలహాపై, ఆమ్లము తగ్గించు మాత్రను ఇంకను వాడుచున్నచో ఆపవలెను. లేనిచో క్రిమి యుండియు లేనట్లు కనబడవచ్చును.