కైపిరిన్యా: పల్లెపేరుతో ప్రపంచయాత్ర

ఒక దేశపు స్వభావం దాని గణాంకాలలో కంటే భోజనపు బల్ల వద్ద త్వరగా తెలిసివస్తుందని పెద్దలు చెబుతూ ఉంటారు. 2013వ సంవత్సరంలో సంస్థ పనిమీద బ్రెజిల్ దేశంలోని మినాస్ జెరాయిస్ రాష్ట్రానికి వెళ్లినపుడు ఈ మాటలోని సత్యం నాకు బోధపడింది. ఇనుప ఖనిజాన్ని శుద్ధిచేసే యంత్రాల తనిఖీ మా బృందానికి అప్పగించిన పని. పగలంతా ఎర్రదుమ్ములో తిరిగి, సాయంకాలం రాష్ట్ర రాజధాని బెలో హొరిజాంటెలో భోజనానికి కూర్చున్నాము. ఆతిథ్యమిచ్చిన బ్రెజిల్ ఇంజనీరు ప్రతివారి ముందు ఒక పొట్టి గాజుగ్లాసు పెట్టించారు. అందులో తొక్కతో సహా నలిపిన నిమ్మముక్కలు, పంచదార, ఐసు, వాటిపై నీటివలె తేటగా ఉన్న మద్యం. దాని పేరు కైపిరిన్యా అని ఆయన చెప్పగానే బృందంలోని తెలుగువారం నవ్వు ఆపుకోలేకపోయాము. పేరులోనే కైపు ఉన్నది గదా!

నాకు మద్యం అలవాటు లేదు. ఆ సంగతి చెప్పగా ఆయన నొచ్చుకోలేదు. మద్యం లేకుండా అవే దినుసులతో మరొక గ్లాసు చేయించి, తమ ఇంట పిల్లలు తాగేది ఇదేనన్నారు. రుచి చూడగా అది మన నిమ్మకాయ షర్బతే. తొక్కలోని సువాసన మాత్రం అదనం. ఆ రాత్రి ఆయన చెప్పిన విషయాలు, అటుపిమ్మట నేను చదివి తెలుసుకొన్నవి ఈ వ్యాసంలో పాఠకుల ముందుంచుతున్నాను.

పేరు వెనుక కథ

తెలుగు కైపునకు ఈ పేరుతో ఏ చుట్టరికమూ లేదు. సావో పాలో రాష్ట్రపు లోతట్టు ప్రాంతాల పల్లెవాసిని పోర్చుగీసు భాషలో 'కైపిరా' అంటారు. పట్టణవాసుల నోట ఆ మాటలో కొంత ఎకసెక్కెం ధ్వనిస్తుంది. మనం 'పల్లెటూరి బైతు' అన్నట్లు. ఆ మాటనే ముద్దుచేసి పలికితే 'కైపిరిన్యా', అనగా పల్లెటూరి చిన్నది. సుప్రసిద్ధ చిత్రకారిణి తార్సిలా దో అమరాల్ 1923లో వేసిన ఒక చిత్రానికి ఈ పేరే ఉన్నది. అది 2020లో జరిగిన వేలంలో 5 కోట్ల 75 లక్షల బ్రెజిల్ రియాస్‌లకు అమ్ముడుపోయింది. ఎగతాళి మాట గౌరవవాచకమైన తీరు ఇటువంటిది.

పానీయం పుట్టుక గురించి రెండు కథనాలున్నాయి. 1918లో ఇన్‌ఫ్లుయెంజా ప్రబలినపుడు సావో పాలో పల్లెలలో నిమ్మరసం, వెల్లుల్లి, తేనె కలిపిన మద్యాన్ని మందుగా తాగేవారనీ, కాలక్రమాన వెల్లుల్లి, తేనె పోయి పంచదార, ఐసు చేరాయనీ జనశ్రుతి. రెండవది అంతకు పూర్వపుది. 1856లో కలరా వ్యాపించినపుడు, సముద్రతీర పట్టణమైన పరాతీలో ఒక సివిల్ ఇంజనీరు రాసిన లేఖ లభించింది. జనం వట్టి నీరు తాగకుండా ఉండేందుకు నీరు, పంచదార, నిమ్మ చేర్చిన చెరకు మద్యాన్ని ఇప్పించవలసి వచ్చిందని అందులోని సారాంశం. మన వృత్తివాడు రాసిన లేఖ ఒక పానీయ చరిత్రకు సాక్ష్యం కావడం నాకు ఆసక్తి కలిగించింది.

చెరకు చేసిన ప్రయాణం

ఇందులోని మద్యం పేరు కషాసా. మన కషాయాన్ని గుర్తుకు తెచ్చే ఈ పేరు గల ద్రవ్యానికి మూలం చెరకు. ఆసియా నుండి పడమటికి ప్రయాణించిన ఈ పంటను పోర్చుగీసువారు బ్రెజిల్‌లో నాటారు. 1532లో సావో విసెంటే వలసను స్థాపించి, అక్కడ చెరకు పరిశ్రమకు నాంది పలికిన మార్టిమ్ అఫోన్సో ద సౌసా, అటుపిమ్మట 1542 నుండి 1545 వరకు గోవా కేంద్రంగా పోర్చుగీసు ఇండియాకు గవర్నరుగా ఉన్నాడు. నిమ్మ కూడ మన ఖండం నుండి వెళ్లినదే. అదే ఓడలు తిరుగు ప్రయాణంలో బ్రెజిల్ నుండి జీడిమామిడిని మనకు తెచ్చిపెట్టాయి. నేడు పలాస జీడిపప్పు నమిలే మనకు ఈ ఇచ్చిపుచ్చుకోలు తలపునకు రాదు.

అయితే ఈ కథలో తీపి ఎంత ఉన్నదో చేదు కూడ అంతే ఉన్నది. చెరకు తోటలలో, గానుగలలో పనిచేసినవారు ఆఫ్రికా నుండి బలవంతంగా తెచ్చిన బానిసలు. మూడు శతాబ్దాలకు పైగా దాదాపు 48 లక్షల మందిని బ్రెజిల్ తీరాన దింపారని చరిత్రకారుల అంచనా. ఆఫ్రికా తీరాన మనుషులను కొనడానికి ఇచ్చిన సరుకులలో కషాసా కూడ ఒకటి. 1888లో గాని అక్కడ బానిసత్వం రద్దు కాలేదు. గ్లాసులోని నిమ్మముక్కల వెనుక ఈ చరిత్ర ఉన్నదని మరువరాదు.

తయారీ విధానం

రమ్ములో అధికభాగం పంచదార తీయగా మిగిలిన మొలాసిస్ నుండి తయారవుతుంది. కషాసా అట్లా కాదు. గానుగ ఆడిన తాజా చెరకు రసాన్ని పులియబెట్టి బట్టీ పెడతారు. పెద్ద కర్మాగారాలలో నిలువు స్తంభాలలో నిరంతరాయంగా స్వేదనం జరుగుతుంది. చిన్న ఉత్పత్తిదారులు మాత్రం రాగి బట్టీలనే వాడతారు. రాగి కొన్ని గంధక సమ్మేళనాలను పట్టివేసి దుర్వాసనను తగ్గిస్తుంది. బట్టీ నుండి దిగే ద్రవాన్ని వారు 'తల, గుండె, తోక' అని మూడు భాగాలుగా విడదీస్తారు. తేలికగా ఆవిరయ్యే హానికర ద్రవ్యాలు ఎక్కువగా ఉండే తలను, చివర దిగే తోకను వేరుచేసి, నడుమనున్న గుండెను మాత్రమే తీసుకొంటారు. దొంగసారా కాచేవాడు పాటించనిది ఈ క్రమశిక్షణనే. దొంగసారా ఎందరి ప్రాణాలు తీసినదో మన దేశంలో తరచు వార్తలలో చదువుతూనే ఉన్నాము.

పానీయం కలపడం సులభమే. ఒక నిమ్మకాయను ముక్కలు చేసి, పంచదార వేసి, చిన్న కర్ర రోకలితో మెత్తగా నొక్కాలి. తొక్కలోని నూనె రావాలి గాని, లోపలి తెల్లని పొర చితకరాదు. చితికితే చేదు దిగుతుంది. పిదప ఐసు, కషాసా చేర్చడమే. పైనాపిలు, స్ట్రాబెర్రీ, జీడిమామిడి పండు వంటివాటితో చేసే రకాలూ వాడుకలో ఉన్నాయి.

విదేశాలలో ఆదరణ

కషాసాలో అత్యధిక భాగం బ్రెజిల్‌లోనే ఖర్చవుతుంది. ఎగుమతి అయ్యేది బహు స్వల్పం. అయినను కైపిరిన్యా పేరు మాత్రం దేశదేశాలకు పాకింది. 1990 దశకంలో జర్మనీలో దీనికి విశేష ఆదరణ లభించింది. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం తన అధికారిక జాబితాలో దీనిని చేర్చింది. 2014 ఫుట్‌బాల్ ప్రపంచకప్పు, 2016 ఒలింపిక్ క్రీడలు చూడవచ్చిన విదేశీయులు రియో సముద్రతీరాన దీనిని రుచి చూసి తమ ఊళ్లలోనూ కోరసాగారు.

ఆదరణతో పాటు చిక్కు కూడ వచ్చింది. కషాసా దొరకనిచోట వోడ్కా పోస్తే అది కైపిరోస్కా. జపాను సాకే పోస్తే సాకెరిన్యా. వేరే పేర్లు పెట్టుకొన్నంత వరకు ఇబ్బంది లేదు. అసలు పేరుతోనే ఏదిబడితే అది పోస్తే ఎట్లా?

పేరు కోసం పోరాటం

ఈ ప్రశ్నకు బ్రెజిల్ ప్రభుత్వం ఇచ్చిన సమాధానం ఇంజనీర్లకు నచ్చుతుంది. అది ఒక స్పష్టమైన ప్రమాణాన్ని నిర్దేశించింది. 2001 నాటి ఉత్తర్వు కషాసా అనే పేరును బ్రెజిల్ దేశపు భౌగోళిక గుర్తింపుగా ప్రకటించింది. 2003 నాటి ఉత్తర్వు ప్రకారం కషాసాలో ఆల్కహాలు 38 నుండి 48 శాతం, కైపిరిన్యాలో 15 నుండి 36 శాతం ఉండాలి. కైపిరిన్యాలో కషాసా తప్ప వేరే మద్యం వాడరాదు; నిమ్మ, పంచదార ఉండితీరాలి.

అమెరికాలో చిక్కు మరింత జటిలం. అక్కడి నిబంధనల మేరకు కషాసా సీసాలపై 'బ్రెజిల్ రమ్ము' అని ముద్రించవలసి ఉండేది. సొంత బిడ్డను పరాయి ఇంటిపేరుతో పిలవవలసిన దుస్థితి అది. ఎన్నో ఏళ్ల సంప్రదింపుల అనంతరం 2012లో ఉభయ దేశాలు ఒక ఒప్పందానికి వచ్చాయి. బ్రెజిల్ అమెరికావారి బర్బన్, టెనెసీ విస్కీల పేర్లను గుర్తించడానికి అంగీకరించింది. అమెరికా 2013 ఏప్రిల్ నుండి కషాసాను బ్రెజిల్‌కు మాత్రమే చెందిన ప్రత్యేక ఉత్పత్తిగా గుర్తించింది. నేను అక్కడికి వెళ్లినది ఆ తరువాత కొద్ది మాసాలకే. మా ఆతిథేయి ఈ సంగతి చెబుతున్నపుడు ఆయన ముఖంలో కనిపించిన తృప్తి నాకిప్పటికీ గుర్తున్నది.

మనం గ్రహించవలసినది

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై ఎత్తిన జెండా చూసిన తరం మాది. తాగుడు వలన కూలిన సంసారాలను కళ్లారా చూసినవాడిని గనుక మద్యాన్ని పొగడడం నా ఉద్దేశం కాదు. బ్రెజిల్‌లోనూ కషాసా వలన చెడిన ఇళ్లకు కొదువ లేదని మా ఆతిథేయే దాచకుండా చెప్పారు.

ఆ దేశం నుండి నేను నేర్చుకొన్నది వేరొకటి. పల్లెప్రజల చేతిలో పుట్టిన వస్తువును చిన్నచూపు చూడక, దానికి కొలతలు నిర్ణయించి, పేరును కాపాడుకొనే పట్టుదల అది. జీడిమామిడి పండు నుండి గోవావారు చేసే ఫెనీకి 2009లో మన దేశంలో భౌగోళిక గుర్తింపు లభించింది. పోచంపల్లి ఇక్కత్, బందరు కలంకారీ, తిరుపతి లడ్డూ కూడ ఈ వరుసలోనివే. అయితే గుర్తింపు పత్రం గోడకు తగిలించినంత మాత్రాన పని పూర్తి కాదు. కొలతకు సరిపోని సరుకును ఆ పేరుతో అమ్మనీయకుండా చూడడం అసలు పని. పరీక్షకు నిలవని యంత్రభాగాన్ని తిప్పి పంపడం మన తనిఖీ విభాగంలో నిత్యకృత్యమే. ఆ నియమమే మన ఊరి నేతకూ, వంటకూ వర్తించాలి. ఆ పొట్టి గ్లాసు నాకు గుర్తుచేసినది ఇదే.