మీకు తెలుసా? కిక్ రాడ్డే గేరు రాడ్డు!

గేరు వేసేదీ అదే, బండి స్టార్ట్ చేసేదీ అదే! మైసూరులో తయారైన పాత జావా, యెజ్డీ బైకుల గుట్టు ఇది. ఎడమ కాలి దగ్గరున్న గేరు రాడ్డును లోపలికి నొక్కి పైకి తిప్పండి. కిక్ రాడ్ రెడీ! బండి అందుకున్నాక మళ్లీ గేరు రాడ్డే. ఒకే రాడ్డు, రెండు కొలువులు!

ఇంకోటి వినండి. నడిరోడ్డు మీద క్లచ్ వైరు తెగిందనుకోండి. వేరే బండైతే నానా తిప్పలే. జావా అలా కాదు! గేరు రాడ్డును కాలితో నొక్కగానే లోపల క్లచ్ దానంతటదే విడిపోతుంది. మెల్లగా వదిలితే బండి మెల్లగా కదులుతుంది. క్లచ్ లివర్ పట్టుకోకుండానే 4 గేర్లూ మార్చేయొచ్చు! క్లచ్ సెట్టింగు మాత్రం సరిగ్గా ఉండాలి సుమా. కొత్త వైరు ఇంటికెళ్లాక తీరిగ్గా వేసుకోండి.

ఈ ఇంజిన్‌లో వాల్వులెన్నో చెప్పండి చూద్దాం? 0! ట్యాపెట్ సెట్టింగు బాధే లేదు. ఇంట్లో విప్పుకునేవాళ్లకు ఇంతకన్నా వరం ఏముంది!

ఇంజిన్ ఆయిల్ ఎక్కడ పోయాలని వెతుకుతున్నారా? దొరకదు! పెట్రోల్‌లోనే కలపాలి. లీటరుకు 40 మిల్లీలీటర్ల 2టి (టూ స్ట్రోక్) ఆయిల్. మరిచిపోయారో, పిస్టన్ పట్టేస్తుంది!

పొగ ఉన్నట్టుండి దట్టంగా వస్తోందా? గేరుబాక్సులో ఆయిల్ చూడండి. అందులో పట్టేది సుమారు 1 లీటరు. అది తగ్గిపోతుంటే దొంగ ఇంజినే! క్లచ్ వైపు క్రాంక్ సీలు అరిగితే గేరుబాక్సు ఆయిల్‌ను గుట్టుగా పీల్చేసుకుంటుంది. పాత మెకానిక్కులు పొగ చూసే కనిపెట్టేస్తారు!

స్పార్క్ రావట్లేదా? కాంటాక్ట్ పాయింట్ల మధ్య సందు 0.4 మిల్లీమీటర్లుండాలి. విజిటింగ్ కార్డు మందం! అంత సన్నటి సందు మీదే బండి మొత్తం నడుస్తోంది!

సైలెన్సర్లు రెండు కదా, సిలిండర్లూ రెండే అనుకుంటారు చాలామంది. కాదు, చాలా మోడళ్లలో ఒకటే! పొగ గొట్టాలు మాత్రం రెండు వైపులా. మసి గోకే పనీ రెండింతలే మరి!

సిలిండర్ అరిగితే పారేయక్కర్లేదు. బోర్ చేయించి 0.25 మిల్లీమీటర్లు పెద్ద పిస్టన్ వేస్తే చాలు. మళ్లీ అరిగితే మళ్లీ పావు మిల్లీమీటరు! బండికి మళ్లీ మళ్లీ యవ్వనం!

మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. అయినా ఏటా జులై రెండో ఆదివారం జావా డే! ఆ రోజు పొగ ఎంత వచ్చినా ఎవరూ ముక్కు మూసుకోరు!

చివరిగా, ఇది చెవిలో వేసుకోండి. ఇప్పటి ఇ20 పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాలే! అది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు సీళ్లను పాడుచేస్తుంది. బండిని కొన్నాళ్లు పక్కన పెడుతున్నారా? ఇంజిన్ నడుస్తుండగానే పెట్రోల్ కాక్ కట్టేయండి. కార్బురేటర్‌లో మిగిలింది తాగేసి అదే ఆగిపోతుంది!