బొచ్చు ఊడిన ఉడుతకు మందు వేయాలా? వదిలేయాలా?

కోకో తోటలో ఉడుత కనిపిస్తే రైతుకు ఒళ్లు మండుతుంది. అదే ఉడుత పెరట్లోకి వస్తే పిల్లలకు ముద్దు. దాని వీపు మీద చారలు చూపించి రాముడి కథ చెప్పని మామ్మ మన పల్లెల్లో ఉండదు. అలాంటి ఉడుత మెడా, భుజాలూ బోడి అయిపోయి, ఆగి ఆగి గోక్కుంటూ కనిపిస్తే ఏం చేయాలి? పట్టి మందు వేయాలా? దాని మానాన దాన్ని వదిలేయాలా? చిన్న ప్రశ్నే. కానీ ఇంట్లో చంటిపిల్లలు, పెరట్లో కుందేళ్లు, కొట్టంలో దూడలు ఉన్న రైతుకు ఇది తోసిపుచ్చదగ్గ ప్రశ్న కాదు.

ఏలూరు జిల్లా పెదవేగి మండలంలో ఒక రైతు కుటుంబానికి ఈ సమస్య ఎదురైంది. వారిది కొబ్బరి తోట, అంతరపంటగా కోకో. ఇంటి వెనక అరుగు మీద మామ్మగారు రోజూ ఉదయం గుప్పెడు నూకలు, నాలుగు కొబ్బరి ముక్కలు వేస్తారు. మైనాలు, పిచ్చుకలు, ఉడుతలు వచ్చి తినిపోతాయి. వాటిలో ఒకదానికి ముందు చెవుల దగ్గర, తర్వాత మెడ మీద బొచ్చు రాలింది. పది రోజుల్లో భుజాల దాకా బోడి అయింది. మందు వేయమని మనవడు పట్టు పట్టాడు. 'మన కోకో కాయలకు బొక్కలు పెట్టేవాటికి మనమే వైద్యం చేయాలా?' అన్నాడు తండ్రి. మామ్మగారు మాత్రం 'నోరులేని జీవి రా, చూస్తూ ఊరుకుంటామా' అన్నారు. ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది.

బొచ్చు ఎందుకు రాలుతుంది?

బొచ్చు రాలిన ప్రతి ఉడుతా జబ్బుది కాదు. పాత బొచ్చు రాలి కొత్తది వచ్చే రోజుల్లో ఒంటి మీద అతుకులు అతుకులుగా కనబడుతుంది. అప్పుడు చర్మం నున్నగా, శుభ్రంగా ఉంటుంది. ఉడుత హుషారుగా చెట్లెక్కుతూనే ఉంటుంది. ఒకదానితో ఒకటి కొట్లాడుకున్నప్పుడు, కరెంటు తీగ తగిలినప్పుడు కూడా ఒకచోట బొచ్చు పోతుంది. అది అక్కడితో ఆగుతుంది, పాకదు.

పాకేవి ముఖ్యంగా రెండు. మొదటిది గజ్జి. దీనికి కారణం నల్లి. నల్లి అంటే మన రైతులకు కొత్త కాదు. మిరపలో తెల్లనల్లిని చూశాం, 1998లో కేరళలో బయటపడి తర్వాత మన కొబ్బరి తోటలకూ పాకిన ఇరియోఫిడ్ నల్లిని చూశాం. జంతువుల గజ్జి నల్లులు కూడా కంటికి సరిగా ఆనవు. చర్మంలోకి సొరంగం తవ్వుకొని అందులోనే గుడ్లు పెడతాయి. గుడ్డు పెద్ద నల్లి కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మొహం, చెవులు, ఛాతీ దగ్గర మొదలై ఒళ్లంతా పాకుతుంది. చర్మం మందంగా, నల్లగా, ముడతలు పడి పొలుసులు కడుతుంది. దురద విపరీతం.

రెండోది తామర. ఇది బూజు జాతి తెగులు. బొచ్చు గుండ్రటి మచ్చలుగా పోతుంది. చాలాచోట్ల వెంట్రుక మొదలంటా ఊడదు, విరిగి మోడులా మిగులుతుంది. దురద గజ్జి అంత ఉండదు. దూరం నుంచి చూసి ఏది గజ్జో ఏది తామరో చెప్పడం పశువైద్యులకే కష్టం. చర్మం గీకి సూక్ష్మదర్శిని కింద చూస్తేగాని తేలదు. మందు వేసే ముందు ఆలోచించవలసిన మొదటి సంగతి ఇదే. గజ్జి మందు తామరకు పనిచేయదు, తామర మందు గజ్జికి పనిచేయదు.

దానంతట అది తగ్గుతుందా?

చాలా ఉడుతలకు తగ్గుతుంది. ఉడుతల గజ్జి గురించి అమెరికాలో ఎక్కువగా పరిశీలించారు. అక్కడ దీనిని కలిగించేది నోటోయెడ్రిస్ అనే నల్లి. తిండి బాగా దొరికి ఒంట్లో సత్తువ ఉన్న ఉడుతలు క్రమంగా కోలుకొని కొత్త బొచ్చు తెచ్చుకుంటాయి. జబ్బు ముదిరినవి చలికాలంలో చనిపోతాయి. బొచ్చు లేక ఒంటి వేడి నిలవకపోవడం దీనికి పెద్ద కారణం. 1990ల చివర్లో వాషింగ్టన్ రాష్ట్రంలో పశ్చిమ బూడిదరంగు ఉడుతలు ఈ గజ్జితోనే బాగా దెబ్బతిన్నాయి.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో మంచు కురిసే చలి లేదు. కాబట్టి సగం ఒళ్లు బోడి అయిన ఉడుత కూడా బతికి బట్టకట్టే అవకాశం మన దగ్గర ఎక్కువ. పుష్యమాసపు చలి, ఎడతెరిపి లేని ముసురు మాత్రం దానికి గడ్డు రోజులే.

ఒక్క చుక్కలో 25 మోతాదులు

గజ్జికి ఐవర్‌మెక్టిన్ మందు పశువులకు వాడుతున్న సంగతి పాడి రైతులకు తెలుసు. దీనికి మూలమైన పదార్థాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్తలకు 2015లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. మన రైతు ఇంట్లో కూడా దూడల కోసం తెచ్చిన సీసా ఒకటి ఉంది. 'ఒక్క చుక్క అరటిపండులో పెట్టి అరుగు మీద వేస్తే పోలా' అన్నది మనవడి ఆలోచన. అదృష్టం కొద్దీ ముందు పశువుల ఆసుపత్రికి వెళ్లి అడిగారు. అక్కడి వైద్యుడు కాదనడమే కాదు, కాగితం మీద లెక్క వేసి చూపించారు. ఆ లెక్క ప్రతి రైతూ తెలుసుకోదగ్గది.

ఒక శాతం సూది మందులో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు, అంటే 10,000 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. పశువుకు కిలో బరువుకు 200 మైక్రోగ్రాములు వేస్తారు. ఆ లెక్కన 50 కిలోల దూడకు ఒక మిల్లీలీటరు సరిపోతుంది. మన చారల ఉడుత బరువు సుమారు 100 గ్రాములు. అదే మోతాదు దానికి వేస్తే 20 మైక్రోగ్రాములు చాలు. అంటే మిల్లీలీటరులో అయిదువందల వంతు! మిల్లీలీటరుకు 20 చుక్కలనుకుంటే, ఒక్క చుక్కలో పాతిక ఉడుతలకు సరిపడా మందు ఉంటుంది. మనం 'చుక్కే కదా' అనుకున్నది దానికి పాతిక మోతాదులు.

ఈ లెక్క ఇంట్లో కొలిచి వేయడానికి చెప్పింది కాదు, ఎందుకు వేయకూడదో తెలియడానికి చెప్పింది. పైగా అరుగు మీద పెట్టిన అరటిపండు ఆ ఉడుతే తింటుందని ఎవరు చూశారు? ఆరోగ్యంగా ఉన్న ఉడుతే తినవచ్చు, మైనా తినవచ్చు, పెంపుడు కుక్క తినవచ్చు. కుక్కల్లో కొన్ని జాతులకు ఈ మందు ఎక్కువ మోతాదులో అసలు పడదు. ఇంకో చిక్కు కూడా ఉంది. నల్లి గుడ్ల మీద మందు పనిచేయదు. గుడ్లు పగిలాక, సుమారు రెండు వారాలకు, మళ్లీ వేయాలి. చెట్ల మీద తిరిగే ఉడుత రెండోసారి మన చేతికి చిక్కుతుందన్న నమ్మకం లేదు.

నాటు వైద్యాలు అసలే వద్దు

గజ్జి కుక్కలకు, పందులకు కాలిన ఇంజనాయిలు పూయడం పల్లెల్లో అలవాటు. కిరోసిన్ పోసేవారూ ఉన్నారు. ఇవి చర్మాన్ని కాల్చేస్తాయి. ఉడుత, కుక్క వంటివి ఒళ్లు నాక్కుంటాయి గనుక ఆ విషం కడుపులోకీ పోతుంది. గోమార్లకు పిచికారీ చేసే మందు నీళ్లలో ఉడుతను ముంచితే అది గజ్జితో కాదు, మన వైద్యంతోనే పోతుంది. వేపనూనె మంచిదే కదా అంటారు. అరచేతిలో పట్టే జీవికి ఒంటి నిండా నూనె పూస్తే బొచ్చు అంటుకుపోయి చలికి తట్టుకోలేదు.

పట్టుకోవడం కూడా ప్రమాదమే. భయపడిన ఉడుత గట్టిగా కరుస్తుంది. అడవి జంతువు మనిషి చేతిలో బెదిరి, ఆ బెదురుతోనే ప్రాణం వదిలే సందర్భాలున్నాయి. అది తల్లి అయితే గూట్లో రెండు మూడు కళ్లు తెరవని పిల్లలు ఉండవచ్చు. తల్లిని రెండు రోజులు బోనులో పెడితే పిల్లలు ఆకలితో చస్తాయి. ఇదిగాక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చాలా అడవి జంతువులను అనుమతి లేకుండా పట్టడాన్ని, బంధించడాన్ని ఒప్పుకోదు. అటవీశాఖ వారిని అడగకుండా బోను పెట్టవద్దు.

మరి చేయగలిగిందేమిటి?

పెదవేగి కుటుంబం చేసిన పని చూడండి. ముందు అరుగు మీద నూకలు వేయడం ఆపేశారు. మామ్మగారికి ఇది కష్టంగానే అనిపించింది. జబ్బు చేసినదానికి తిండి మానిపించడం ఏం ధర్మం అన్నారు. కానీ సంగతి వేరు. గజ్జి ఒకదాని ఒళ్లు ఇంకొకదానికి తగిలి పాకుతుంది. చెట్టుకొకటిగా తిరిగే ఉడుతలను ఒకే అరుగు మీదికి రోజూ చేర్చేది మనం వేసే నూకలే. కొబ్బరి తోటలో ఉడుతకు తిండి కరువు లేదు. పూత, కాయ, పురుగు, ఏదో ఒకటి దొరుకుతుంది. మనం వేయడం ఆపితే అది పస్తుండదు, గుంపు మాత్రం విడిపోతుంది.

తర్వాత అరుగు మీది మిగులు, పొట్టు ఊడ్చి కాల్చేశారు. సబ్బు నీళ్లతో కడిగి ఎండబెట్టారు. గజ్జి నల్లి జంతువు ఒంటిని వదిలితే చాలాకాలం బతకదు, కొద్ది రోజుల్లో చస్తుంది. నీళ్ల పళ్లెం ఎండాకాలం గనుక తీసేయలేదు, రోజూ తోమి కొత్త నీళ్లు పోశారు. కుందేళ్ల గూటిని ఉడుతలు తిరిగే చెట్టు కింద నుంచి జరిపి, సన్న జాలీ బిగించారు. నోటోయెడ్రిస్ జాతి నల్లులు కుందేళ్లకు, పిల్లులకు కూడా గజ్జి తెప్పిస్తాయి. దూడలకు, మేకలకు గజ్జి కనిపిస్తే ఉడుత వల్లనే అనుకోనక్కరలేదు. వాటి రకాలు వాటికున్నాయి. డాక్టరుకు చూపించి వాటికి వేరుగా వైద్యం చేయించాలి.

ఎలుక మందు సంగతీ చూసుకున్నారు. బ్రోమడయోలోన్ వంటి ఎర తిన్న జంతువుకు రక్తం గడ్డకట్టదు. మందగించి, ముక్కు నుంచో నోటి నుంచో రక్తం కారుతుంది. ఉడుత నీరసంగా ఉంటే జబ్బే అనుకోకుండా తోటలో ఎర ఎక్కడ పెట్టామో గుర్తు చేసుకోవాలి. ఎర బొరియల్లో పెట్టాలి గాని బయట చల్లకూడదు.

నెల రోజుల తర్వాత ఆ ఉడుత మెడ మీద నూగు వచ్చింది. ఒకప్పటి చారలు ఇంకా సరిగా కూడలేదు. అయినా తాటిచెట్టు ఎక్కి దిగుతోంది. ప్రతి ఉడుతకూ ఇలాగే అవుతుందని కాదు. కొన్ని పోతాయి. అడవి జీవుల్లో అది ఉన్నదే.

ఎప్పుడు చేయి వేయాలి?

పగటిపూట నేల మీద పడి ఉండి, దగ్గరకు వెళ్లినా లేవకపోతే, కళ్లు పుసులతో మూసుకుపోతే, పుండ్లకు ఈగలు ముసిరితే అప్పుడు ఊరుకోవడం దయ కాదు. చేతికి మందపాటి తొడుగు వేసుకొని, పాత తువ్వాలు కప్పి, గాలి కన్నాలున్న అట్టపెట్టెలో పెట్టండి. పెట్టె చీకటిగా, నిశ్శబ్దమైన చోట ఉంచండి. పాలు పట్టవద్దు. నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వెంటనే పశువైద్యుడికో, అటవీశాఖ వారికో అప్పగించండి. తూకం వేసి సరైన మోతాదు వేయగలిగింది వారే.

కోకోకు నష్టం మాటేమిటి?

రైతు కోపంలోనూ అర్థం ఉంది. ఎలుక కోకో కాయను తొడిమ దగ్గర కొరుకుతుంది, పచ్చికాయనూ వదలదు. ఉడుత ముదిరిన కాయను నడి భాగంలో తొలిచి గుజ్జు తింటుంది. దీనికి మందు ఉడుత చావు కాదు. రంగు తిరిగిన కాయను చెట్టున ఉంచకుండా పది పదిహేను రోజులకోసారి కోసేయడమే. జబ్బు ఉడుత చచ్చినా దాని జాగాలోకి రేపు ఇంకొకటి వస్తుంది. ఆలస్యంగా కోస్తే అదీ తింటుంది.

గుర్తుంచుకోండి

* హుషారుగా తిరిగే ఉడుతను పట్టవద్దు. రెండు మూడు వారాలు దూరం నుంచి గమనించండి.
* పశువుల మందు తిండిలో కలిపి పెట్టవద్దు. కాలిన ఆయిలు, కిరోసిన్ పూయవద్దు.
* నూకలు, గింజలు వేయడం కొంతకాలం ఆపండి. అరుగు, పళ్లేలు కడిగి ఎండబెట్టండి.
* పిల్లలను ముట్టుకోనివ్వవద్దు. తామర మనుషులకు అంటుతుంది. జంతువుల గజ్జి నల్లి మన ఒంటి మీద నిలవకపోయినా కొన్నాళ్లు దురద పెడుతుంది.
* కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడిగి డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఉడుతల వల్ల రేబిస్ రావడం బహు అరుదు. అయినా ధనుర్వాతం టీకా సంగతి డాక్టరే చెప్పాలి.
* కుందేళ్లకు, పిల్లులకు, దూడలకు బొచ్చు రాలితే ఆలస్యం చేయక పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఉడుతాభక్తి అంటే ఉన్నంతలో సాయం చేయడం. బొచ్చు ఊడిన ఉడుత విషయంలో మనకు చేతనైన సాయం అరుగు కడగడం, గింజలు ఆపడం, ఓపిక పట్టడం. సీసా మూత తీయడం మాత్రం డాక్టరుకు వదిలేయండి.