గణకయంత్రమునకు గడ్డుపరీక్ష

ఇంటనున్న కంప్యూటరు ఆగిపోయినచో వెంటనే తెలియును. ఆగక పనిచేయుచునే దాని ప్రాసెసరు తప్పులెక్క చెప్పినచో తెలియదు. మొదటిది నష్టమే గాని మోసము కాదు, రెండవది మోసము. ఉత్తరము వ్రాసికొనునప్పుడును, పాట వినునప్పుడును ప్రాసెసరు శక్తిలో కొద్దిపాలే ఖర్చగును గనుక ఈ దోషము నెలల తరబడి బయటపడకపోవచ్చును. మోయగలిగినంత బరువును మోపి, గంటలకొలది అట్లే ఉంచినగాని దాని గుట్టు తెలియదు.

ఇందుకు పేరుగాంచిన సాధనము ప్రైమ్‌95. విచిత్రమేమనగా ఇది యంత్రపరీక్షకై పుట్టినది కాదు. 1996లో జార్జి వోల్ట్‌మన్ అను అమెరికా ప్రోగ్రామరు మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణకై ఒక సంస్థను నెలకొల్పి, దేశదేశముల ఔత్సాహికుల యిండ్లలోని కంప్యూటర్లకు ఆ పనిని పంచిపెట్టెను. కొన్ని రెండులను వరుసగా గుణించి, వచ్చినదానినుండి ఒకటి తీసివేయగా మిగిలినది ప్రధాన సంఖ్య యైనచో, అది మెర్సెన్ ప్రధాన సంఖ్య. అయిదు రెండులను గుణింపగా 32. ఒకటి పోగా 31.

31 ప్రధాన సంఖ్య యగునో కాదో తేల్చు పద్ధతి నల్లబల్లమీద చేయదగినంత సులువు. 4తో ప్రారంభించి, దానిని వర్గము చేసి, 2 తీసివేసి, 31తో భాగించి శేషమును గ్రహింపవలెను. ఇట్లు మూడుమార్లు. మొదట 14 వచ్చును. దాని వర్గము 196, రెండు పోగా 194, శేషము 8. దాని వర్గము 64, రెండు పోగా 62, శేషము సున్న. సున్న వచ్చినది గనుక 31 ప్రధాన సంఖ్యయే. ఒక విద్యార్థి పొరపాటున 14కు బదులు 15 వేసెననుకొందము. అప్పుడు 223, శేషము 6. ఆ మీదట 34, శేషము 3. నిక్షేపమువంటి ప్రధాన సంఖ్య కొట్టివేయబడినది! ఇచ్చట మూడు మెట్లే. కోట్ల అంకెలు గల సంఖ్యకు కోట్ల మెట్లు కలవు. ఏ మెట్టున కాలుజారినను దినముల శ్రమ గంగపాలు.

అందుచేత ముందు యంత్రమునే పరీక్షింపవలసి వచ్చెను. జవాబులు ముందే తెలిసిన లెక్కలను ప్రైమ్‌95 ప్రాసెసరుచే ఎడతెగక చేయించి, ఫలితములను సరిచూచును. పెద్ద గుణకారములు దశాంశములతో సాగును గాని, తుదకు ప్రతి ఫలితమును పూర్ణాంకమునకు మిక్కిలి చేరువగా రావలెను. 0.4కు మించి దూరమైనచో దోషమని ప్రకటించును. దీనికి పెట్టిన పేరు ‘టార్చర్ టెస్టు’. కఠోరమే గాని తగినదే.

దోషము పుట్టుట కెక్కువగా కారణములు వేడిమి, వేగము, విద్యుత్తు చాలమి. గడియారపు ప్రతి టిక్కుకును లోపలి సంకేతములు తమ స్థానమునకు చేరి కుదురుకొనవలెను. తయారుచేసినవారు నిర్ణయించిన వేగమునకు మించి తోలినను, ఓల్టేజి తగ్గినను, సంకేతము ఆలస్యమగును. ఒకటి సున్నగా నమోదగును. చిన్న లెక్కల పరీక్ష ప్రాసెసరులోపలనే తిరుగుచు దానిని మిక్కిలి వేడెక్కించును. మిశ్రమ పరీక్ష మెమరీనిగూడ కదలించును. మొదటిది నెగ్గి రెండవది ఓడినచో మెమరీని అనుమానింపవలెను. పది నిమిషములు చూచి చంకలు గుద్దుకొనువారు కలరు. రాత్రంతయు నడిపినను అది పూర్తి హామీ కాదు. ఫంకా విసరునది గదిలోని గాలినే గనుక, పుష్యమాసమున నెగ్గిన యంత్రము రోహిణికార్తెలో ఓడిపోవచ్చును.

తప్పు ఎల్లప్పుడును యజమానిదే కాదు. 1994లో వర్జీనియా రాష్ట్రపు లించ్‌బర్గ్ కళాశాల గణితాచార్యుడు థామస్ నైస్లీ కవల ప్రధాన సంఖ్యల వ్యుత్క్రమములను కూడుచు, పెంటియం ప్రాసెసరు భాగహారములో తప్పుచున్నదని కనిపెట్టెను. అది వేడిమివలన వచ్చినది కాదు, చిప్పు నిర్మాణములోనిది. ఆ దోషము ఇంటెల్ సంస్థకు 47.5 కోట్ల డాలర్ల భారమైనది. మరల 2016 జనవరిలో, ప్రైమ్‌95 నడుపుచుండగా తమ ఆరవ తరపు ప్రాసెసర్లు స్తంభించిపోవచ్చునని అదే సంస్థ అంగీకరించి, బయోస్ ద్వారా సవరణను పంపెను.