చైనాలో ఇంగ్లీషు పాఠాలు - వెళ్ళే ముందు తెలుసుకోవలసిన సంగతులు



పోయిన వేసవి సెలవుల్లో మన హాస్టల్ సీనియర్ అన్న ఒకరు ఫోన్ చేశారు. ఆయన, వదిన ఇద్దరూ ఎం.ఏ. ఇంగ్లీషు, బి.ఎడ్. చేశారు. బోధన్ దగ్గర ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నారు. "చైనాల ఇంగ్లీషు టీచర్లు కావాల్నంట. ఇద్దరికీ ఉద్యోగం, ఉండనీకి ఇల్లు, సెలవులల్ల దేశమంత తిరగొచ్చట. ఏజెంటు ఇద్దరికి కలిపి మూడు లక్షలు అడుగుతున్నడు. మీ వదిన బంగారం కుదువ పెడదామనుకుంటున్నం. జర చూసి చెప్పు చెల్లె" అన్నారు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. అందుకే మా వాడలో ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తారు. కాని ఈ కాగితం నాకూ కొత్తే. ముందు మా చిన్నాన్నను అడిగాను. ఆయన చైనా చూడలేదు. విజిట్ వీసా మీద దుబాయి వెళ్ళి, పనిచేస్తూ దొరికిపోయి, అప్పుతో తిరిగొచ్చిన మనిషి. అంతా విని, "జీతమెంతని కాదు బిడ్డా, అది ఏం వీసానో అడిగిండ్రా?" అన్నాడు. ఆ ప్రశ్న పట్టుకుని నెల రోజులు వెతికి తెలుసుకున్నది మీతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

చైనాకు ఇంగ్లీషు టీచర్లు ఎందుకు?

2001లో చైనా ప్రభుత్వం మూడో తరగతి నుంచే ఇంగ్లీషు నేర్పాలని నిర్ణయించింది. అక్కడ కాలేజీలో చేరడానికి రాసే 'గావ్‌కావ్' పరీక్షలో విదేశీ భాషకు 150 మార్కులు. పిల్లల భవిష్యత్తు ఆ పరీక్ష మీదే ఉంటుంది కాబట్టి తల్లిదండ్రులు ట్యూషన్లకు ఎగబడ్డారు. అమెరికా, బ్రిటన్ లాంటి దేశాల నుంచి యువతీ యువకులు, కొత్తగా పెళ్ళయిన జంటలు ఏడాది ఒప్పందాల మీద వెళ్ళారు. బడి ఇచ్చిన ఇంట్లో ఉన్నారు. సెలవుల్లో రైళ్ళెక్కి దేశం చూశారు. ఏజెంటు చెప్పే కథ ఇక్కడి నుంచి తెచ్చిందే. కథ నిజమే, కాని అది ఎవరి కథ అన్నది అతను చెప్పడు.

మనవాళ్ళు అసలు వెళ్ళలేదా అంటే వెళ్ళారు. ఢిల్లీకి చెందిన పల్లవి అయ్యర్ 2002లో బీజింగ్ వెళ్ళి, అక్కడి బ్రాడ్‌కాస్టింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో విద్యార్థులకు వార్తల ఇంగ్లీషు నేర్పారు. తన జీవిత భాగస్వామితో కలిసి పాతకాలపు ఇరుకు గల్లీలలో కాపురమున్నారు. తరువాత పత్రికా విలేఖరిగా మారి, ఆ అనుభవాలతో 2008లో ఒక పుస్తకం ప్రచురించారు. అయితే ఆమె వెళ్ళిననాటికీ నేటికీ నిబంధనలు చాలా మారాయి.

నేటి నిబంధన ఏమిటి?

చైనా 2017 ఏప్రిల్ నుంచి విదేశీ ఉద్యోగులందరికీ ఒకే విధమైన వర్క్ పర్మిట్ పెట్టింది. దాని ప్రకారం విదేశీ భాష నేర్పేవారు సూత్రప్రాయంగా తమ మాతృభాషనే నేర్పాలి. డిగ్రీ, రెండేళ్ళ బోధనానుభవం ఉండాలి. ఆచరణలో ఇంగ్లీషు మాతృభాషగా లెక్కించేది అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా పాస్‌పోర్టులనే. మన పాస్‌పోర్టు ఆ పట్టికలో లేదు.

ఈ మాట చెబితే అన్న చాలాసేపు మాట్లాడలేదు. "ఎనిమిదేండ్ల సంది గ్రామర్ చెప్తున్న. పరీక్ష పెడితే రాస్త గదా!" అన్నారు. నిజమే. ఆ నిబంధన మన ఇంగ్లీషును పరీక్షించదు, పాస్‌పోర్టు రంగు చూస్తుంది. అది న్యాయమా అంటే నేను కాదనే అంటాను. కాని న్యాయం కాదని చెప్పి దొంగదారిన వెళితే నష్టపోయేది మనమే.

దొంగదారి ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి. చైనాలో ఉద్యోగానికి ఇచ్చేది 'జెడ్' వీసా. 'ఎల్' పర్యాటకులకు, 'ఎం' వ్యాపార పనులకు, 'ఎక్స్' చదువుకు. ముందుగా అక్కడి యాజమాన్యం మన పేరున వర్క్ పర్మిట్ అనుమతి పత్రం తీయించి పంపాలి. దాన్ని చూపి మనం ఇక్కడ జెడ్ వీసా తీసుకోవాలి. వెళ్ళాక 30 రోజులలోపు నివాస అనుమతికి దరఖాస్తు చేయాలి. "ముందు ఎం వీసా మీద పొండి, అక్కడ మార్పిస్తం" అని ఎవరన్నా అంటే అది మన గల్ఫ్ విజిట్ వీసా కథే. అనుమతి లేకుండా పనిచేస్తే 5,000 నుంచి 20,000 యువాన్ల వరకు జరిమానా. తీవ్రమైన సందర్భాలలో 5 నుంచి 15 రోజుల నిర్బంధం. దేశం నుంచి పంపించివేయవచ్చు కూడా.

దంపతులకు మరో సంగతి. ఒకరికి ఉద్యోగముంటే రెండోవారు కుటుంబ సభ్యుల 'ఎస్-1' వీసా మీద వెళ్ళి కలిసి ఉండవచ్చు. కాని ఆ వీసా మీద ఉద్యోగం చేయరాదు. ఇద్దరూ పాఠాలు చెప్పాలంటే ఇద్దరికీ వేర్వేరు వర్క్ పర్మిట్లు కావాలి.

2021 జూలైలో చైనా ప్రభుత్వం పిల్లల మీద చదువు భారం తగ్గించాలని ట్యూషన్ సంస్థల మీద కఠినమైన ఆంక్షలు పెట్టింది. లాభం కోసం బడి పాఠాల ట్యూషన్లు నడపరాదన్నది. విదేశాలలో ఉన్నవారితో ఆన్‌లైన్‌లో చెప్పించడాన్నీ నిషేధించింది. కాబట్టి "ఇంట్ల కూసొని చైనా పిల్లలకు చెప్పొచ్చు" అనే ప్రకటనలనూ నమ్మకండి.

తెరిచి ఉన్న దారులు

మాతృభాష నిబంధన భాషా బోధనకే. గణితం, సైన్సు చెప్పేవారు డిగ్రీ, రెండేళ్ళ అనుభవంతో అంతర్జాతీయ పాఠశాలలకు ప్రయత్నించవచ్చు. యోగాకు అక్కడ మంచి ఆదరణ ఉంది. కున్‌మింగ్‌లోని యున్నాన్ మిన్జు విశ్వవిద్యాలయంలో 2015లో భారత్-చైనా యోగా కళాశాల వెలిసింది. అన్నిటికన్నా గట్టి దారి చైనీసు భాష. ఢిల్లీలోని జె.ఎన్.యు.లో, 1937లో చైనా భవనం మొదలైన శాంతినికేతన్‌లో దాన్ని నేర్పుతారు.

మన నేత కుటుంబాలెన్నో వలసపోయిన షోలాపూర్ మీకు తెలుసు కదా! ఆ ఊరి డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ 1938లో అయిదుగురు డాక్టర్ల బృందంలో చైనా వెళ్ళారు. చైనీసు నేర్చుకున్నారు. గాయపడిన సైనికులకు ఆపరేషన్లు చేస్తూనే అక్కడి వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పారు. 1941లో గువో చింగ్‌లాన్ అనే నర్సును పెళ్ళాడారు. కొడుక్కి ఇన్‌హువా అని పేరు పెట్టుకున్నారు. 'ఇన్' అంటే భారత్, 'హువా' అంటే చైనా. 1942 డిసెంబరులో 32 ఏళ్ళకే కన్నుమూశారు. చైనా ఆయనను ఇప్పటికీ తలుచుకుంటుంది.

మనం అడగవలసిన ప్రశ్నలు

1937లో స్థాపించిన మన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. గల్ఫ్ దారి మన పల్లెలకు అంతకు ముందు నుంచే ఉంది. ఇకముందూ మనవాళ్ళు బయటి దేశాలకు పోతారు, పోవాలి కూడా. కాని ఏ దేశమైనా ఈ నాలుగు అడిగి పొండి:

1. వీసా ఏ రకం? అది ఉద్యోగానికి ఇచ్చేదేనా?
2. వర్క్ పర్మిట్ పత్రం మీద నా పేరు, బడి పేరు ఉన్నాయా?
3. ఏజెంటుకు విదేశాంగ శాఖ లైసెన్సు ఉందా? ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.
4. ఫీజు ఎంత? లైసెన్సున్న ఏజెంటు ఒక్కొక్కరి దగ్గర 30 వేల రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మించి సేవా రుసుము తీసుకోరాదు. రసీదు ఇవ్వాలి.

అన్న ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని ఏజెంటు దగ్గరికి వెళ్ళారు. మొదటి ప్రశ్నకే "ఎం వీసా" అని జవాబొచ్చింది. లైసెన్సు సంగతి అడిగితే "నమ్మకం లేకపోతే వద్దులే" అన్నాడట. అన్న లేచి వచ్చేశారు. వదిన బంగారం ఇంట్లోనే ఉంది. ఇప్పుడు ఇద్దరూ గురుకుల టీచర్ పరీక్షకు చదువుతున్నారు. "ఉద్యోగమొచ్చినంక పైసలు జమచేసి చైనా చూసొస్తం. చూడనీకైతే ఎల్ వీసా చాలు గదా!" అంది వదిన నవ్వుతూ.

దూరపు కొండలు నునుపు అని మన పెద్దలు అన్నారు. కొండ ఎక్కవద్దని కాదు, ముందు దారి అడగమని. ఇంగ్లీషులో ఉన్న ఏ ఒప్పంద పత్రమైనా సంతకానికి ముందు చదివి అర్థం చేసుకోగలిగితే, మనం హాస్టల్‌లో నేర్చుకున్న ఇంగ్లీషుకు అంతకన్నా మంచి ఉపయోగం లేదు. చదవడం రాని మీ ఇంటివాళ్ళకు కూడా చదివి చెప్పండి.

- ఒక పూర్వ విద్యార్థిని, ఎం.ఏ. (ఇంగ్లీషు)