యువరాజశబ్దము - ఆంగ్లరాజ్యాధికారులు

యువరాజశబ్దము 'యువా చాసౌ రాజా చ' అను విగ్రహము గల కర్మధారయము. ఇందు యువరాజు రాజే యని చెప్పబడినది గాని, రాజు కాబోవువాడని చెప్పబడలేదు. దశరథుడు వృద్ధుడై, రాజ్యభారము నప్పగించుటకే రామునకు యౌవరాజ్యాభిషేకము తలపెట్టెను. పట్టాభిషిక్తుడైన రాముడు, లక్ష్మణు డంగీకరింపకుండుటచే, భరతుని యువరాజుగా నభిషేకించెను. కావున యౌవరాజ్యము జన్మముచే గాక అభిషేకముచే లభించుననియు, రాజ్యకార్యమున భాగమే దాని ఫలమనియు తేలుచున్నది.

ఇంగ్లండు రాజు జ్యేష్ఠపుత్రుని బిరుదమగు 'ప్రిన్సు ఆఫ్ వేల్సు' అనుదానిని తెనుగువారు యువరాజపదముచే వ్యవహరించిరి. ఈ వ్యవహార మెంతవరకు పొసగునో పందొమ్మిదవ శతాబ్దపు చరిత్రమువలన నెరుంగదగును.

ఆ కాలమున నచట ఉత్తరాధికారులు ద్వివిధులు. జ్యేష్ఠపుత్రుడు నిశ్చితాధికారి, ఎవరు జన్మించినను వాని హక్కు చెడదు. రాజునకు కుమారుడు లేనిచో కుమార్తెయో, తమ్ముడో, తమ్ముని బిడ్డయో సంభావితాధికారి. రాజునకు మరింత దగ్గరి వారసుడు పుట్టినంతనే ఆ హక్కు తొలగును. అపవాదము ప్రాప్తించువరకే ఉత్సర్గము ప్రవర్తించుట వంటి దిది. 1837 జూన్ 20న నాలుగవ విలియము మరణింపగా, ఆయన తమ్ముని కూతురగు విక్టోరియా పదునెనిమిదవయేట రాణి యయ్యెను. అప్పటి ప్రకటనమునందు సైతము, మృతుడైన రాజునకు శిశువు జన్మించినచో దాని హక్కునకు భంగము లేదని చేర్చిరి. ఆమె రాణి యగువరకు తల్లి గదియందే నిద్రించెను. తోడు లేక మెట్లు దిగుటకైన ననుమతి లేకుండెను.

మూడవ జార్జి పౌత్రి షార్లెటు 1817 నవంబరు 6న, మృతశిశువును ప్రసవించిన మరునాడే, ఇరువదియొకటవయేట మరణించెను. ఆమె పినతండ్రులు త్వరపడి వివాహము లాడుటకును, 1819లో విక్టోరియా పుట్టుటకును ఈ మరణమే హేతువు.

విక్టోరియా జ్యేష్ఠపుత్రుడు ఆల్బర్టు ఎడ్వర్డు 1841 నవంబరు 9న జన్మించెను. నెల తిరుగకమున్నే బిరుదము వచ్చెను. బాల్యమంతయు తండ్రి ఏర్పరచిన కఠినపాఠక్రమమున గడచెను. 1861లో తండ్రి మరణింపగా, కుమారుని నడతయు దానికి కొంత కారణమని రాణి తలచెను. మంత్రివర్గపు పత్రముల నాతనికి చాలకాలము చూపనీయలేదు. ఐర్లండునం దాతనికి బాధ్యత నొసగుడని 1872లో గ్లాడ్‌స్టన్ చేసిన సూచనమును ఆమె త్రోసివైచెను. శంకుస్థాపనలు, విందులు, దేశయాత్రలు మాత్రము మిగిలెను. 1875 డిసెంబరులో మదరాసునకు విచ్చేసిన అతిథి ఈతడే. 1901 జనవరి 22న రాజగునప్పటికి వయస్సు యేబదితొమ్మిది, ఏలినది తొమ్మిదేండ్లు. ఆతని జ్యేష్ఠపుత్రుడు ఆల్బర్టు విక్టరు 1892లోనే, ఇరువదియెనిమిదవయేట, జ్వరముచే మరణించియుండెను.

యౌవరాజ్యఫలము ననుభవించినవా డా శతాబ్దమున నొక్కడే. తండ్రికి మతి చలింపగా 1811లో పార్లమెంటు శాసనముచే రాజప్రతినిధియై, 1820 వరకు పాలించిన నాలుగవ జార్జి యాతడు. అదియు బిరుదమువలన గాక శాసనమువలన వచ్చినది.

కావున ఆ బిరుదమున యువరాజశబ్దము రూఢము గాని యౌగికము గాదు. ఎడ్వర్డునందు చూడుడు: రాజ్యము వచ్చునప్పటికి యువత్వము గతించెను, యువత్వమున్నప్పుడు రాజత్వము లేదు. ఈ భేదమును బోధింపనిచో విద్యార్థులు ఎదురుచూపునే ఏలుబడి యని భ్రమింతురు.